కార్డు మీది టైము

రెండు గంటల అయిదు నిమిషాలకు బాలప్ప బాగానే ఉన్నాడని ఆ గదిలో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాడు బాలప్ప ఒక్కడే, కానీ అతన్ని ఎవరూ అడగలేదు. చక్రాల మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి చుట్టూ పచ్చ తెర లాగారు. పైన తెల్ల సీలింగు, అందులో ఒక పలక ఊడిపోయి లోపలి వైరు కిందికి వేలాడుతోంది. ఎడమ పక్కన మంచం పట్టె చల్లగా తగులుతోంది. కుడి పక్కన ఏమీ లేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, అసలు ఆ పక్కే లేదు, ఎవరో గట్టు చెరిపేసి ఆ సగం చెక్కను తమ పొలంలో కలిపి దున్నుకున్నట్టు. తల మాత్రం తేటగా ఉంది. సూపర్‌వైజర్ నవీన్‌కుమార్ ఫోన్ చూసుకుంటూ డాక్టరమ్మకు చెబుతున్న ప్రతి మాటా వినబడుతోంది. "రెండూ అయిదుకు ఔట్ పంచ్ పడ్డది మేడం. సిస్టంల ఉంది. అప్పటిదాంక మంచిగనే ఉన్నట్టు." కాదు అనబోయాడు బాలప్ప. కాదు సార్, నేను పడ్డది పొద్దున, పది గంటల చాయ్ అయినంక, డ్రమ్ముల నడుమ. ఇంత మాటా లోపల తయారై, వరుసగా నిలబడి, నాలుక దాకా నడిచివచ్చి, పెదవి దాటేసరికి "మూత" అయింది. మళ్లీ అన్నాడు. "మూత. మూత."

"ఏం మూతనయ్యా," అని భార్య శివమ్మ ముఖం మీదికి వంగింది. ఫోన్ వస్తే ఊరి నుంచి ఆటోలో వచ్చిన మనిషి, వంటింటి చీరలోనే ఉంది, కొంగుకు పసుపు మరక. "మూతికి పెట్టిన ఆ గొట్టం తియ్యమంటున్నడేమో మేడం. ఆయనకు మూతికి ఏదన్న కడితే ఊపిరాడదు." డాక్టరమ్మ చిన్న పిల్ల, నర్సు సృజన మేడం అని పిలుస్తోంది. "గొట్టం కాదమ్మా. మాట తప్పిపోతుంది. ఏది చెప్పబోయినా ఒక్క మాటే వస్తుంది," అంది. అవును తల్లీ, అదే, అనుకున్నాడు బాలప్ప, అదే నిజం. పద్నాలుగేళ్లుగా గడ్డపోతారంలో మందుల కంపెనీ డ్రమ్ముల యార్డులో అతని పని అదే. ఖాళీ డ్రమ్ము కడగాలి, బోర్లించాలి, ఆరినాక మూత పెట్టి ఇనుప రింగు బిగించాలి. దెబ్బ తగిలినప్పుడు చేతిలో ఉన్నది మూత. నోట్లో కూడా అదే ఉండిపోయింది. చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టాకే ఇంకోటి పట్టుకోగలం కదా, అలా ఆ మాటను ఎక్కడన్నా దింపుదామంటే దింపే జాగా దొరకడం లేదు.

పొద్దున పది గంటలకు చాయ్ బండి వచ్చింది. అంజయ్య పక్కనే కూర్చున్నాడు, వరసకు బావమరిది కాదు గానీ పద్నాలుగేళ్లు పక్కపక్కన డ్రమ్ములు కడిగితే వరస దానంతట అదే వస్తుంది. "బావా, ఇయ్యాల శనివారం, నీకు ఒక్కపొద్దు. నీ బిస్కెట్లు నేను తింట, నీకు పుణ్యం, నాకు చక్కెర," అన్నాడు. "చక్కెర నీకు ఒంట్లనే ఉంది గదరా," అని బాలప్ప నవ్వి, బిస్కెట్లు ఇచ్చేసి, గ్లాసు కడిగి లోపలి వరుసల్లోకి నడిచాడు. నీలం డ్రమ్ములు నాలుగు వరుసలు, మనిషి ఎత్తుకు పైన పేర్చినవి, మధ్యలో ఒక్క మనిషి పట్టే సందు. మూత తీసుకున్నాడు, జారింది. వంగి తీసుకున్నాడు, మళ్లీ జారింది. చెయ్యి నిద్రపోయిందిరా అనుకుని నవ్వుకున్నాడు కూడా, ఆ నవ్వు ఒక పక్కకే వచ్చిందని అప్పుడు తెలియలేదు. మూడోసారి వంగితే మోకాలు తన మాట వినలేదు. కుడి భుజం మీద పడ్డాడు. పడ్డప్పుడు ఒక డ్రమ్ము మీద దరువేసినట్టు చప్పుడైంది, ఆ యార్డులో రోజంతా అలాంటి చప్పుళ్లే కనక ఎవరూ రాలేదు. పైన సన్నటి గీతంత ఆకాశం. ఆ గీతలోంచి ఒక గద్ద పోయింది, కాసేపటికి పొగ పోయింది. పన్నెండింటి సైరన్ మోగింది. అందరూ క్యాంటీన్‌కు పోతున్న చెప్పుల చప్పుడు విన్నాడు. అంజయ్య గొంతు కూడా వినబడింది, "బావను లేపకున్రి, ఒక్కపొద్దు నాడు జెర పండుకుంటడు," అని. నిజమే, శనివారం అన్నం తినడు, ఆ అరగంట ఎక్కడో నీడలో నడుం వాలుస్తాడు. ఆ అలవాటు అందరికీ తెలుసు. అందుకే ఎవరూ వెతకలేదు. రెండింటి సైరన్ మోగింది. ఆ తర్వాత ఎప్పుడో సెకండ్ షిఫ్ట్ లోడింగ్ పిల్లగాడు, ఒరిస్సా వాడు, డ్రమ్ములకు వచ్చి, "అరే చాచా, ఇధర్ క్యూఁ సోయా," అని, ఇక్కడ నిద్రపోతున్నాడనుకుని నవ్వబోయి, ముఖం చూసి, నవ్వు ఆపి, కేకలేస్తూ పరిగెత్తాడు. ఓవర్‌టైం చేస్తున్న అంజయ్యే అందరికంటే ముందు వచ్చాడు. ఎత్తుకున్నది కూడా అతనే.

మరి రెండూ అయిదుకు కార్డు ఎవరు కొట్టారు? ఆ గదిలో నవీన్‌కుమార్ ఆ మాట అన్నప్పుడే బాలప్పకు తెలిసిపోయింది, ఆలోచించాల్సిన పనే లేదు. వాళ్ల జట్టు ఆరుగురు. ఆరు కార్డులూ షెడ్డులో మేకుకు తగిలించిన ఒకే రేకు డబ్బాలో ఉంటాయి. గేటు దగ్గర మిషన్ ఒక్కటే, రెండింటికి దాని ముందు వంద మంది. లైనులో నిలబడితే బొల్లారం బస్సు పోతుంది. అందుకని ముందు పోయినవాడు ఆరు కార్డులూ పట్టుకుపోయి ఒకదాని తర్వాత ఒకటి కొట్టేస్తాడు. ఇందులో మోసం ఉందని వాళ్లలో ఎవరూ ఏనాడూ అనుకోలేదు. ఎదురింటివాళ్లకు బిందె నీళ్లు పట్టిపెట్టినట్టే అది. అంజయ్య బిడ్డ కాన్పయిన రోజు అతని కార్డు బాలప్పే కొట్టాడు, లోపలికీ బయటికీ రెండుసార్లూ. అయితే పోయిన నెల వేరే జట్టులో ఇద్దరు దొరికిపోయారు. ఇద్దరినీ అదే రోజు గేటు బయట పెట్టారు. తెలుగులో, హిందీలో కాగితం అంటించారు. చదవడం రానివాళ్ల కోసం ఇదే నవీన్‌కుమార్ కుర్చీ ఎక్కి చదివి వినిపించాడు. ఆ తర్వాత వారం రోజులు ఎవరి కార్డు వాళ్లు కొట్టారు. ఎనిమిదో రోజు బస్సు తప్పిపోయింది. మళ్లీ డబ్బాయే.

ఇప్పుడు అంజయ్య తెర అంచున నిలబడి నేల చూస్తున్నాడు. అతని మెడలో కూడా కార్డు వేలాడుతోంది, ఓవర్‌టైంలో అది మెడలోనే ఉండాలి. సృజన మంచం కాళ్ల వైపు ఒక స్టాండుకు ఫోన్ లాంటి పెద్ద పలక తగిలించింది, దాంట్లో కళ్లద్దాల మనిషి ఒకాయన కనబడుతున్నాడు. సిటీలో పెద్ద మెదడు డాక్టరట, అక్కడ కూర్చునే ఇక్కడి మనిషిని చూస్తాడట. బాలప్ప తలను గుండ్రటి మిషన్‌లో పెట్టి తీసిన ఫొటో కూడా ఆయన ముందే ఉందట. ఆయన మెల్లగా మాట్లాడుతున్నాడు. "పంచ్ సంగతి సరే. మనిషిని కళ్లతో చూసినవాళ్లు ఎవరు? బాగా ఉండగా చివరిసారి చూసింది ఎవరు, ఎన్నింటికి?" నవీన్‌కుమార్ అంజయ్య వైపు తిరిగాడు. "నువ్వే గదా పక్కన ఉండేది." అంజయ్య మెడలోని కార్డును చేత్తో పట్టుకున్నాడు. "సూసిన సార్," అన్నాడు. "గేటు కాడ. పంచ్ కొట్టంగ. నేను పక్కనే ఉన్న. మంచిగనే ఉన్నడు."

ఓరి అంజీ, అనుకున్నాడు బాలప్ప. కోపం రాలేదు. వచ్చిందేమో, అది కూడా కుడి పక్కకే వచ్చి ఉంటే తెలిసే దారి లేదు. పలకలోని డాక్టరు ఇప్పుడు శివమ్మతో మాట్లాడుతున్నాడు. "చూడమ్మా, ఇది బ్రెయిన్ స్ట్రోక్. మీరు పక్షవాతం అంటారు. మెదడుకు పోయే నెత్తురు గొట్టంలో గడ్డ అడ్డం పడింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తే చాలామందికి చెయ్యి, కాలు, మాట కొంతైనా వెనక్కి వస్తాయి. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. ఆ టైము దాటితే మాత్రం ఇవ్వకూడదు. నెత్తురు అందక మెత్తబడిపోయిన మెదడులోకి ఆ మందు పోతే లోపల నెత్తురు కారుతుంది, ప్రాణానికే వస్తుంది. మీకు రెండు గంటలే అయింది. కాబట్టి ఇవ్వచ్చు." శివమ్మ ఏం అర్థమైందో ఏమో తల ఊపుతూనే ఉంది. బాలప్పకు మాత్రం చివరి ముక్క దాకా అర్థమైంది. పొలానికి నీళ్లు కట్టిన చెయ్యి అది. కాలువ పూడితే మడి వాడిపోతుంది. వాడిన మడికి అప్పుడే నీళ్లు వదిలితే తేరుకుంటుంది. పగుళ్లిచ్చి పొడి అయిపోయిన మడికి ఒక్క ఊపున వదిలితే మన్నూ గట్టూ కలిసి కొట్టుకుపోతాయి. పది నుంచి లెక్క పెడితే ఇప్పుడు ఆరు గంటలు కావస్తోంది.

అయినా ఆ ఇంజెక్షన్ కావాలనిపించింది. చాలా కావాలనిపించింది. రెండూ అయిదే కానియ్యి, అనుకున్నాడు ఒక్క క్షణం, అందరూ అదే అంటున్నారు గదా, కంపెనీ అంటోంది, మిషన్ అంటోంది, అంజయ్య అంటున్నాడు, నేనొక్కణ్ని కాదంటే ఏమొస్తది. ఎక్కించనీ. మాట వస్తది. చెయ్యి వస్తది. లేకుంటే నులక మంచం. ఆ మంచం అతనికి తెలుసు. నాయిన లింగం దాని మీద తొమ్మిదేండ్లు ఉన్నాడు. నాట్ల కాలంలో మడిలోనే ఒరిగిపోతే భుజాన వేసుకొచ్చారు. ఎవరో చెబితే పావురాన్ని కోసి ఆ వేడి నెత్తురు కాలికీ చేతికీ రుద్దారు. రుద్దింది బాలప్పే, అప్పటికి పందొమ్మిదేండ్లు, ఈకలు గోళ్లలో ఇరుక్కుని రెండు రోజులు పోలేదు. ఇంజెక్షన్లు అప్పుడు లేవో, ఉన్నా వాళ్ల దాకా రాలేదో. నాయిన నోట ఒకటే మాట, "ఎద్దు". ఆకలైనా ఎద్దే, ఎండ తగిలినా ఎద్దే. ఎద్దు మీద ప్రాణం పెట్టుకున్నాడని ఒకరోజు నిజంగానే ఎద్దును తోలుకొచ్చి మంచం ముందు నిలబెట్టారు. ఆయన దాన్ని చూసి ఏడ్చాడు. చూసినవా, ఎంత ప్రేమనో, అని వాడంతా మెచ్చుకుంది. బహుశా మంచినీళ్లు అడిగి ఉంటాడు. బహుశా, పక్క తడిసింది మార్చున్రి అని ఉంటాడు. ఆయనకేం తెలుస్తది అనేది అమ్మ. ఏమీ తెలియదనుకునే బాలప్ప ఒకనాడు పని నుంచి వచ్చి, గడపలో చెప్పులు విప్పుతూ, ఈ పీడ ఎన్నటికి పోతదో అన్నాడు. గట్టిగానే అన్నాడు. నాయిన గోడ వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు, కదల్లేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ సీలింగు కింద పడుకుంటే గానీ ఆ మాట ఎక్కడికి పోయిందో తెలియలేదు. పోవాల్సినచోటికే పోయింది. ప్రతి అక్షరం పోయింది. నాయినా, అన్నాడు లోపల. బయటికి "మూత" అని వినబడింది, నర్సు సెలైన్ గొట్టం సరిచేసింది.

అంటే, వినడమొక్కటే మిగిలినవాడు ఎట్లా బతుకుతాడో ఆ మంచం మీద ఒకాయన చూపించే పోయాడు. అట్లయినా బతికాడు. ఈ ఇంజెక్షన్ లోపలికి పోయాక అదీ మిగలదేమో. మందుకేం తెలుసు, అది డాక్టరమ్మను నమ్ముతుంది, డాక్టరమ్మ మిషన్‌ను నమ్ముతుంది, మిషన్ అంజయ్య చేతిని నమ్మింది. ఆ నమ్మకాలన్నీ వరసగా పట్టుకుని వచ్చి తన తలలోకి దిగబోతున్నాయి. నర్సు ఎంత బరువుంటాడని అడిగింది, శివమ్మ యాభై అయిదు ఉండొచ్చు అంది, నర్సు చిన్న సీసా సీలు తీసింది. బాలప్ప బలమంతా మెడలోకి తెచ్చుకుని తల అడ్డంగా ఊపాడు. సృజన చూసింది. "ఏంటి పెద్దాయనా, వద్దా? రెండింటికి మీరు బాగా లేరా?" ఊపాడు, లేను, లేను. ఆమె కళ్లు చిన్నవయ్యాయి, వంగింది. "మీ పేరు బాలప్పేనా?" అవును అని నిలువుగా ఊపుదామనుకున్నాడు. తల అడ్డంగానే ఊగింది. ఆపుదామంటే ఆగలేదు, ఒక గాడిలో పడ్డ బండి చక్రంలా అటూ ఇటూ. "ఈమె మీ భార్యేనా?" మళ్లీ అడ్డంగానే. శివమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. సృజన లేచి పలకతో అంది, "సార్, అవునూ కాదూ కూడా కలిసిపోతున్నాయి. నమ్మడానికి లేదు." ఆ మాటతో ఉన్న ఒక్క కిటికీ కూడా మూసుకుంది. ఇప్పుడతను ఏం చేసినా అది జబ్బే అవుతుంది.

జారిన కాలిని పైకి పెట్టమని నర్సు అంటే అంజయ్య ముందుకొచ్చి వంగాడు. అతని మెడలోని కార్డు బాలప్ప ఎదురుగా ఊగింది. బాలప్ప ఎడమ చెయ్యి దాన్ని పట్టుకుంది. తాడుతో సహా పట్టుకుని, ఉన్న ఒక్క చేతి బలంతో కిందికి గుంజింది. అంజయ్య ముఖం అతని ముఖం దాకా వచ్చింది, బీడి వాసన, సబ్బు నీళ్ల వాసన. "ఇడువు బావా," అన్నాడు గొంతు తగ్గించి. విడవలేదు. నవీన్‌కుమార్ దగ్గరికొచ్చి వేళ్లు విప్పబోయాడు, రాలేదు, పద్నాలుగేళ్లు రింగులు బిగించిన వేళ్లు అవి, ఎడమవైనా సరే. బాలప్ప కార్డు చూశాడు, అంజయ్యను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. ఈసారి నోటితో ఏమీ అనలేదు. అంటే ఏ మాట వస్తుందో తెలుసు. అంజయ్య కళ్లు ముందు పక్కకు తప్పుకున్నాయి, తర్వాత వచ్చాయి, తర్వాత అక్కడే నిలబడ్డాయి. వెనకాల నర్సు, "మేడం, రెడీ," అంది.

"జెర ఆగున్రి," అన్నాడు అంజయ్య. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, తాడు విడవందే లేవలేడు. "ఆ పంచ్ నేను కొట్టిన మేడం. ఆయనది నేనే కొట్టిన." నవీన్‌కుమార్, "అంజయ్యా, ఏం మాట్లాడుతున్నవో తెలిసే మాట్లాడుతున్నవా," అన్నాడు. "తెలుసు సార్. కాయితం మీరు సదివినప్పుడు నేను ముంగటనే ఉన్న. పది గంటలకు చాయ్ తాగంగ సూసిన. ఆ ఎన్క నేను సూడలే. ఒక్కపొద్దు గదా, యాడనో పండుకున్నడు అనుకున్న. రెండింటికి ఓవర్‌టైం పంచ్ కొట్టనీకి పోతే ఆయన కార్డు డబ్బలనే ఉండె, మరిచిపోయిండేమో, ఒక పూట కూలి పోతది అని కొట్టిన." శివమ్మ కొంగు తీసింది. "పదింటి సంది ఆడ పడి ఉన్నడా? తమ్మీ అని పిలుస్తి గదరా నిన్ను. ఒక్కపారి ఎన్కకు మర్లి సూడనీకి నీకు మెడ లేకపాయెనా?" బాలప్ప వేళ్లు వాటంతట అవే వదులయ్యాయి. సృజన చెయ్యెత్తి నర్సును ఆపింది, సీసా పళ్లెంలో పెట్టిన చప్పుడైంది. అంత చిన్న చప్పుడు. ఆ చప్పుడుతో చెయ్యీ మాటా కూడా పళ్లెంలోకి పోయాయని బాలప్పకు తెలుసు, తానే పెట్టించాడు. తానడిగి తెచ్చుకున్న నిజం ఇప్పుడు నులక మంచమై గదిలోకి వచ్చి కూర్చుంది. నవీన్‌కుమార్ ఫోన్ జేబులో పెట్టుకుని తెర బయటికి నడిచాడు.

"అట్లయితే ఇగ అంతేనా సార్?" శివమ్మ పలకను అడిగింది. ఆయన అక్కడ ఏదో ఫొటో పెద్దది చేసి చూశాడు. "ఇంజెక్షన్ లేదమ్మా. మంచి పని చేశారు చెప్పి, ఇచ్చుంటే ప్రమాదమే. పెద్ద గొట్టంలోనే గడ్డ ఉంది. ఇదివరకైతే ఇంటికి తీసుకెళ్లమనేవాళ్లం. ఇప్పుడు ఇంకో దారి వచ్చింది. తొడ దగ్గర నుంచి సన్నటి తీగ లోపలికి పంపి, మెదడు దాకా తీసుకుపోయి, ఆ గడ్డను పట్టుకుని బయటికి లాగేస్తారు. అందరికీ పనికిరాదు. మెదడులో ఎంత బతికుందో చూసే స్కాన్ ఇంకోటి ఉంది, అందులో బతికున్న చోటు కనబడితే ఇరవై నాలుగు గంటల దాకా కూడా చేస్తున్నారు. కనబడకపోతే చెయ్యరు. ఆ టైము పదింటి నుంచే లెక్క. సిటీలో మా ఆసుపత్రికి ఇప్పుడే బయల్దేరండి." చేస్తే బాగవుతాడా, అని శివమ్మ అడిగింది. "సగం మందికి మేలు, సగం మందికి అంతంతే. అబద్ధం చెప్పను," అన్నాడాయన. సృజన నోట్లో పెన్ను మూత పట్టుకుని, బాలప్ప ఎడమ ముంజేతికి తెల్ల పట్టీ అంటించి, దాని మీద పది అని అంకె వేసింది.

అంబులెన్సులో కిటికీలు పాలరంగువి, బయట ఏముందో తెలియదు. లారీల హారన్లు, ఔటర్ రింగు రోడ్డు ఎక్కేచోట మలుపు, టోలు దగ్గర ఆగడం, అన్నీ వీపుకే తెలుస్తున్నాయి. మళ్లీ ఒక సందు, ఒక మనిషి మాత్రమే పట్టేది. పైన గుండ్రటి దీపం ఉంది, దాన్ని చూస్తూ పడుకున్నాడు. లోపల ఎక్కడో కొంత మడి ఇంకా తడిగా ఉందో లేదో తనకు తెలిసే దారి లేదు, తెలియజెప్పే దారీ లేదు. తీసుకుపోతున్నారు, పోతున్నాడు. శివమ్మ తల పక్కన కూర్చుంది. అంజయ్యను ఎక్కొద్దని ఆమె అనలేదు, ఎక్కమనీ అనలేదు, అతనే ఎక్కాడు, రెండో షిఫ్టు మధ్యలో వదిలేసి. అంబులెన్సు పిల్లవాడు కాగితం పట్టుకుని ముందు నుంచి అడిగాడు. "టైము ఎంత వేసుకోవాలె?"

"పది," అన్నాడు అంజయ్య.

"పదికి పడ్డట్టు ఎవరు సూసిన్రు?"

"పడంగ ఎవ్వరు సూడలే."

"అట్ల గాదన్నా, ఎవరో ఒకరు సూసుంటరు గదా. రెండు దాంక ఆడ పనిచేసెటోళ్లు ఎంతమంది ఉంటరు?"

"నాలుగు వందల మంది ఉంటం," అన్నాడు అంజయ్య. "ఎవ్వరు సూడలే. నేను గూడ సూడలే. పదికి సూసినట్టు రాయి, ఆడిదాంకనే నిజం."

పిల్లవాడు రాసుకున్నాడు. బండి మళ్లీ వేగం అందుకుంది. బాలప్ప కళ్లు దీపం మీంచి దించాడు. అంజయ్య ఎప్పటి నుంచో అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అది కుడి చెయ్యి. చూస్తే గానీ తెలియలేదు.